నెల్లూరు ప్రదర్శన, ఒక లాడ్జి కౌంటరు

దేహం గురించి, జెండర్ గురించి యువ చిత్రకారులు కొందరు కలిసి నెల్లూరులో పెట్టిన ప్రదర్శన చూడటానికి ఒంగోలు నుంచి ముగ్గురం వెళ్లాం. ప్రదర్శన నాకు నచ్చింది, దాని గురించి వివరంగానే రాస్తాను. అయితే ఊళ్లో దిగిన గంటలోపే ఒక లాడ్జిలో జరిగిన అవమానాన్ని దాటవేసి గోడమీది బొమ్మల గురించి మాత్రమే రాయడం ఆ బొమ్మలకు కూడా న్యాయం కాదు కనుక, ముందు ఆ సంగతి చెబుతాను.

నాతో వచ్చినవారిలో ఒకరు మా వదినగారు, అంటే మావారి అక్కయ్య. ఆమెకు బొమ్మల మీద కన్నా తల్పగిరి రంగనాథస్వామి దర్శనం మీదే ధ్యాస. రెండో ఆమె నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు మంచి చిత్రకారిణి, ట్రాన్స్ మహిళ. ప్రదర్శనలో ఆమె గీసిన బొమ్మ కూడా ఉంది. నన్ను మేడమ్ అనీ, వదినగారిని పెద్దమ్మా అనీ పిలుస్తుంది. రైల్లో వదినగారు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడారు. అడిగినదానికి జవాబు చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ప్రయాణం గురించి చెప్పుకోవలసినది వేరే ఏమీ లేదు, వేళకే దిగాం.

మద్రాసు బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జిలో రెండు గదులు ఫోనులోనే మాట్లాడుకున్నాం. గదికి 1,500 రూపాయలు చెప్పారు, అడ్వాన్సుగా 500 ఫోన్‌పేలో పంపాను. కౌంటరులోని గుమాస్తా వదినగారి ఆధార్ కార్డు, నా కార్డు చూసి రిజిస్టరులో పేర్లు ఎక్కించాడు. మూడో కార్డు చేతికి రాగానే పెన్ను కింద పెట్టేశాడు. ఆ కార్డులో పేరు కొత్తదే, ఫొటో ఇప్పటిదే, లింగం అన్నచోట ట్రాన్స్‌జెండర్ అని స్పష్టంగా ఉంది. కార్డును అంచులు మాత్రమే పట్టుకుని వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి అమ్మాయి గడ్డం వైపు, మెడ వైపు, మోచేతుల నుంచి వేళ్ల దాకా నింపాదిగా చూశాడు. కార్డు తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె చెయ్యి చాపే ఉన్నా చేతికివ్వకుండా కౌంటరు మీది రబ్బరు చాప మీద పెట్టాడు.

"వీళ్లకు ఇయ్యమమ్మా. ఫ్యామిలీలు దిగే లాడ్జి ఇది. మీ ఇద్దరికైతే గది ఉంది" అన్నాడు నాతో.

ఆమె ఏమీ అనకుండా సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో జాగ్రత్తగా దాచుకున్న, జిల్లా కలెక్టరు ఇచ్చిన గుర్తింపు పత్రాన్ని అతని ముందు పెట్టింది. అతను దాన్ని చదవలేదు, ఓనరుకు ఫోను కలిపి నాకిచ్చాడు. ఓనరు గొంతు మర్యాదగానే ఉంది. చదువుకున్నవారు మీకు తెలియనిది కాదు గదా, మిగతా గదులవాళ్లు గొడవ చేస్తారు అన్నాడు. ఎవరు, ఎప్పుడు గొడవ చేశారని అడిగితే సమాధానం లేదు.

అప్పటిదాకా సోఫాలో కూర్చున్న వదినగారు లేచి కౌంటరు దగ్గరికి వచ్చారు. "ఫ్యామిలీ అంటే ఏందబ్బాయా? నేనుండాను, నా తమ్ముడి పెళ్లాం ఉండాది, ఆమె దగ్గిర చదువుకున్న పిల్ల ఉండాది. ఇంకా ఎవురు రావాల?" అని నిలదీశారు. వదినగారి పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ ప్రకాశం జిల్లాలోనే అయినా, చిన్నప్పుడు కావలిలో మేనమామ ఇంట పెరగడం వల్ల కోపం వస్తే ఆ మాటతీరే బయటికి వస్తుంది. గుమాస్తా తల దించుకున్నాడు గానీ గది మాత్రం ఇవ్వలేదు. అడ్వాన్సు అడిగితే, వద్దని వెళ్లిపోతున్నది మీరే కదా, అది తిరిగి రాదు అన్నాడు. ఆ 500 ఈ రోజుకీ రాలేదు.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందో చదివేవారికి తెలియాలి. ఎవరి జెండర్ ఏమిటో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసులో తీర్పు చెప్పింది. తర్వాత 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం మూడో సెక్షనులో చదువు, ఉద్యోగం, వైద్యంతో పాటు వసతి, సేవలు నిరాకరించడాన్ని కూడా వివక్షగా పేర్కొని నిషేధించింది. అంటే ఆ గుమాస్తా చదవని కాగితానికి వెనుక పార్లమెంటు చేసిన చట్టం ఉంది. నేను ఆ సెక్షను ఉటంకిస్తూ లాడ్జికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను, 500 తిరిగి ఇవ్వమనీ, రాతపూర్వకంగా క్షమాపణ చెప్పమనీ అడిగాను. ఇలాంటిది జరిగినవారు ఎవరైనా సరే, గొంతు పెంచి వచ్చేయకుండా, నిరాకరణకు కారణం కాగితం మీద రాసిమ్మని అక్కడే అడగాలని నా సలహా.

మళ్లీ ఆటో ఎక్కి ట్రంకు రోడ్డు వైపు వచ్చి, ఒక పాత లాడ్జిలో అడిగాం. అక్కడ కౌంటరులో ఉన్న పెద్దాయన మూడు కార్డులూ ఒకే తీరుగా చూసి, మూడు పేర్లూ ఒకే తీరుగా రాసుకుని, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే వస్తాయని మాత్రం చెప్పారు. గదికి 1,300. దిండ్లు పలుచన, స్నానాలగదిలో కొళాయి రాత్రంతా కారింది, దోమలకు కాయిల్ మనమే కొనుక్కోవాలి. అయినా నెల్లూరు వెళ్లేవారికి నేను చెప్పేది అలాంటి లాడ్జి చూసుకోమనే. వదినగారు ఆ రాత్రి తన గదిలో అమ్మాయినే పడుకోమన్నారు.

ప్రదర్శన ఒక కల్యాణమండపం మేడమీది హాల్లో పెట్టారు. ప్రవేశం ఉచితం, కేటలాగు 150. పంకాలు తిరుగుతున్నా ఉక్క. ఒక వీడియోను వెలుతురు పడే గోడమీద వేయడం వల్ల అందులో ఎవరున్నారో కూడా కనిపించలేదు. పెదవులకు తాళాలు వేసిన ప్లాస్టిక్ బొమ్మల వరుస ఒకటుంది, అలాంటివి ఇదివరకే చాలాచోట్ల చూశాం కాబట్టి దాని ముందు నిలబడాలనిపించలేదు. అన్నిటికన్నా పెద్ద లోపం, బొమ్మల కింద వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉండటం. నెల్లూరులో, తెలుగు చదివే జనం మెట్లెక్కి వచ్చే చోట, తమ ఒంటి గురించి వేసిన బొమ్మ పక్కన తమ భాషలో రెండు వాక్యాలు లేకపోవడం నిర్వాహకులు తప్పకుండా దిద్దుకోవలసిన విషయం. మా అమ్మాయి వదినగారి పక్కనే నడుస్తూ ఒక్కొక్కటీ తెలుగులో చదివి చెప్పింది.

ఒక యువతి తన సిజేరియన్ మచ్చను రాగిరేకు మీద చెక్కి తీసిన అచ్చులు ఎనిమిది వరుసగా ఉన్నాయి. మొదటి అచ్చులో కుట్ల గీతలు పదునుగా, నల్లగా కనిపిస్తాయి, రేకు అరిగే కొద్దీ చివరి అచ్చుకు వచ్చేసరికి పొట్ట మీది మడతల్లో మచ్చ కలిసిపోతుంది. వదినగారు వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత, తన రెండో కాన్పు ఒంగోలు పెద్దాసుపత్రిలో ఎలా జరిగిందో అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టారు. ఆ కథ మా ఇంట్లో ఇన్నేళ్లలో నేను విననిది.

మా అమ్మాయి బొమ్మ హాలు చివర గోడకు వేలాడుతోంది. మనిషి నిలువెత్తు తెల్లటి గాడాగుడ్డ. దాని మీద ఆమె పడుకుంటే వాళ్లమ్మ బొగ్గుతో చుట్టూ గీసిన గీత అది. కాలేజీ రోజుల్లో ఒకసారి, శస్త్రచికిత్స అయి కోలుకున్నాక మరొకసారి, ఒకే గుడ్డ మీద గీయించుకుంది. రెండు గీతలూ అరికాళ్ల దగ్గర, అరచేతుల దగ్గర దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఛాతీ దగ్గర, నడుము దగ్గర విడిపోయాయి. దగ్గరికి వెళ్లి చూస్తే రెండో గీత భుజం మలుపులో తెగి, మళ్లీ మొదలైంది. అక్కడ వాళ్లమ్మ గీయడం ఆపి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ బొగ్గు అందుకున్నదట. ఆ తెగిన చోటును సరిచేయకుండా ఉంచడంలోనే ఆమె చిత్రకారిణిగా ఎంత ఎదిగిందో నాకు తెలిసింది. పొద్దున కౌంటరు దగ్గర ఒక మనిషి మెడ నుంచి వేళ్ల దాకా వెతికిన ఆ దేహాన్నే, ఇక్కడ తల్లి తల నుంచి పాదాల దాకా ఎక్కడా తడబాటు దాచకుండా గీసింది.

ఇదంతా ఈ మధ్య పుట్టిన వింత అనుకునేవారు హాల్లో కూడా కనిపించారు. అది నిజం కాదు. బరోడాలో లెక్కల ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసిన భూపేన్ ఖక్కర్ 1981లోనే "యు కాంట్ ప్లీజ్ ఆల్" అన్న చిత్రంలో తన పోలికలున్న మనిషిని నగ్నంగా బాల్కనీలో నిలబెట్టాడు. కింద వీధిలో తండ్రీ, కొడుకూ, గాడిదా వెళ్తుంటారు. గాడిదనెక్కినా జనం తప్పుపట్టారు, మోసినా తప్పుపట్టారు అనే ఆ కథ తెలియని తెలుగిల్లు ఉండదు. ఫోనులో ఆ చిత్రం చూపిస్తే వదినగారు గాడిదను చూసి కథ వెంటనే గుర్తుపట్టారు, పైన నిలబడిన మనిషి ఎందుకు బట్టల్లేకుండా ఉన్నాడో ఆ తర్వాత తనే చెప్పారు: ఎవరికీ దాచక్కర్లేదని నిర్ణయించుకున్నాడు కాబట్టి. మన మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ పల్లెటూరి ఆడామగా దేహాలను, వాటి కోరికతో సహా ఎచ్చింగుల్లో, అంటే లోహపు రేకు మీద గీసి తీసే అచ్చుల్లో, చెక్కి దశాబ్దాలయింది. బెంగళూరులో 2016లో మొదలైన అరవాణి ఆర్ట్ ప్రాజెక్టు ట్రాన్స్ మహిళలతో కలిసి వీధి గోడలకు రంగులు వేస్తూ, 2024లో ఇటలీలో జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన వెనిస్ బియెనాలేలో పెద్ద గోడచిత్రం వేసే దాకా వెళ్లింది. ఇక రంగస్థలం సంగతికి వస్తే, ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావుగారిని సత్యభామగా చూడటానికి మన తాతలు బండ్లు కట్టుకుని వెళ్లారు, 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేషంలో అంత గౌరవించిన జాతి, బతుకులో ఆడదిగా ఉంటానన్న మనిషికి రాత్రి తలదాచుకోను గది ఇవ్వకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

భోజనం మూలాపేట వైపు ఒక ఇంటి మెస్సులో చేశాం. మామిడికాయ వేసిన చేపల పులుసు, మొలగొలుకుల అన్నం, మనిషికి 180. పులుసు ముందు రాత్రి వండినది కావడంతో ముక్కకు పులుపు లోపలిదాకా పట్టింది. వడ్డించే ఆమె మా అమ్మాయి విస్తరి దగ్గర ఆగి, "ఏమ్మా, ముద్ద సగానికి ఆపినావే, ఇంకొంచెం పులుసు పోసేదా?" అని, జవాబు వినకుండానే పోసింది. పొద్దుటి నుంచి తనకంటూ ఏమీ అడగని పిల్ల అప్పుడు నోరు తెరిచి ఇంకో చేపముక్క అడిగింది. మర్నాడు గాంధీబొమ్మ దగ్గర తిన్న కారందోసె బాగుంది, మైపాడు సముద్రం బాగుంది, రంగనాథుడి దర్శనం తీరిగ్గా అయింది.

ప్రదర్శనలో ఒక తోలుబొమ్మ ఉంది. వీరుడి మొండేనికి, తోలుబొమ్మలాటలో నవ్వించే ఆడపాత్ర బంగారక్క తల, నర్తకి చేతులు కట్టి, వెనుక దీపం పెట్టి, చూసేవాళ్లనే పుల్ల పట్టుకుని ఆడించమన్నారు. దాన్ని చేసిన కావలి కుర్రవాడు మేకతోలు పని డి.సి.పల్లిలో నేర్చుకున్నానని చెప్పడంతో, ఆత్మకూరు మీదుగా అక్కడికి వెళ్లాం. కారుకు రానుపోను 2,800 అయింది, ఖర్చు తగ్గించుకోవాలంటే నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండు నుంచి బస్సులున్నాయి. తోలుబొమ్మ ఒకే ముక్క కాదు, తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా కోసి, నగల చోట్ల ఉలితో చిల్లులు పొడిచి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. ఆ ముడి బిగుతైతే చెయ్యి ఊగదు, వదులైతే ఆటలో జారుతుంది. ఆ ఇంటి పెద్దాయన ముడి వేసి చూపిస్తూ, ఆటకు పోయినచోట ఒక బొమ్మ చెయ్యి చినిగితే ఇంకో బొమ్మ చెయ్యి కట్టి తెల్లవార్లూ ఆడించేవాళ్లమని చెప్పారు. ఆడది మగది అని చూసేవారా అని వదినగారు అడిగితే, తెర మీద నీడ సరిగా పడితే చాలు అన్నారు. ఇప్పుడు ఆటలు తగ్గి, దీపాల మీద తొడిగే తోలు బుట్టలే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. చిన్న బుట్ట 900, జానెడు హనుమంతుడు 350. బేరమాడవద్దని నా మనవి, ఒక బుట్టకు మూడు రోజుల పని పడుతుంది.

మా అమ్మాయి రంగు వేయని తోలు, ముడులు వేయని చేతులు కాళ్లు విడిగా కావాలని అడిగి 1,000 అడ్వాన్సు ఇచ్చింది, వచ్చే బొమ్మకట. దానికి పెద్దాయన రసీదు రాసి, ఆమె చెప్పిన పేరే అక్షరాలు అడిగి మరీ రాశారు. నెల్లూరు వెళ్లేవారు ట్రాన్స్ స్నేహితులతో వెళ్తుంటే, గది మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి ఫోనులో చెప్పి, సరేనన్నాకే డబ్బు పంపండి. సరేనన్న మాట మెసేజీగా తీసుకోండి. శీతాకాలంలో ఏసీ లేని గది చాలు. వదినగారు అయితే సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్దామంటున్నారు, ఈసారి దర్శిలో తోలుబొమ్మలు కట్టేవాళ్లను కూడా చూడాలట.