మెడ రక్తనాళం ఆపరేషన్ తర్వాత బీపీ: లాబెటలాలా, నైకార్డిపినా?

మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనిలో పేరుకున్న కొవ్వు తీసేశాక, ఐసీయూలో కొందరికి బీపీ 180 దాటుతుంది. "ఆపరేషన్ బాగా జరిగిందన్నారుగా, మళ్లీ ఇదేంటి?" అని ఇంట్లోవాళ్లకు టెన్షన్. బీపీని కనిపెట్టుకుని ఉండే నరాల కొసలు సరిగ్గా కత్తి పడ్డ చోటే ఉంటాయి మరి. అవి తేరుకునేదాకా పగ్గాలుండవు. అలాగే వదిలేస్తే కుట్ల కింద రక్తం గడ్డకట్టి శ్వాసనాళాన్ని నొక్కేయొచ్చు. ఇన్నాళ్లూ తక్కువ రక్తంతో సరిపెట్టుకున్న మెదడులో రక్తస్రావం కూడా కావచ్చు.

బీపీ దించే మందుల్లో నా ఓటు ముందు లాబెటలాల్‌కే. 10 నుంచి 20 మి.గ్రా. నరంలోకి నెమ్మదిగా ఇస్తే నిమిషాల్లో పని మొదలవుతుంది, గుండె దడ తగ్గుతుంది, మెదడు రక్తనాళాలు పెద్దగా వ్యాకోచించవు. చిక్కల్లా, ఇచ్చిన మందును వెనక్కి తీసుకోలేం. ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి బీపీ దానంతటదే పడిపోతుంది కూడా, అప్పుడు ఇబ్బందే. ఆస్తమా ఉన్నా, నాడి బాగా నెమ్మదిగా ఉన్నా దీని జోలికి వెళ్లను.

వాళ్లకు నైకార్డిపిన్. పంపులో గంటకు 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, అవసరమైతే మెల్లగా 15 దాకా పెంచుతాం. బీపీని నున్నగా దించుతుంది, కాకపోతే గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. చేతి మీది సన్నటి నరంలో నడిపిస్తే అది ఎర్రబడి మంటపెడుతుంది, అందుకే 12 గంటలకోసారి చోటు మార్చాలి.

నైట్రోగ్లిజరిన్ గుండె బైపాస్ తర్వాత అక్కరకొస్తుంది. ఇక్కడ మాత్రం మెదడు నాళాలను వెడల్పు చేస్తుందని వెనకాడతాను. వెలుతురు తగలకుండా చుట్టి ఎక్కించే నైట్రోప్రుస్సైడ్‌కు ఆ దోషంతో పాటు, ఒంట్లో విరిగి సయనైడ్ విషం వదులుతుందన్న భయం అదనం. నాలుక కింద నిఫెడిపిన్ క్యాప్సూల్ పిండే పాత అలవాటు మాత్రం అసలే వద్దు, బీపీ ఎంత దిగుతుందో మన చేతిలో ఉండదు.

ఒకసారి 190 ఉన్న పెద్దాయనకు నేను లాబెటలాల్ సిరంజిలోకి తీస్తున్నాను. సిస్టర్ దుప్పటి ఎత్తి, "సార్, ఒక్క నిమిషం" అంది. మూత్రం గొట్టం తొడ కింద మడతపడి ఉంది. సరిచేయగానే సంచిలోకి ధార కట్టింది. పది నిమిషాలకు మానిటర్ మీద 150. సిరంజి ట్రేలోనే ఉండిపోయింది.