బాపుతో ఒక రోజు: గోల్కొండ తోపు నుంచి పరేడ్ గ్రౌండ్ దాకా

మా బాపు ఆర్టిలరీలో చేరింది 1969లో. ట్రైనింగ్ గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటర్‌లోనే. రోజూ పొద్దున కోట గోడల పక్కనుంచి పరుగెత్తేవాళ్లట. కానీ కోట లోపలికి వెళ్లింది ఒక్కసారే, అదీ ఒక ఆదివారం మధ్యాహ్నం, గంటసేపు. ఆ మాట చాలాసార్లు చెప్పాడు. ఇప్పుడు బాపుకు 75 ఏళ్లు. గన్నుల మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది, మోకాళ్లు కూడా సహకరించడం లేదు. ఇంకా ఆలస్యం చేస్తే కుదరదనిపించి, ఈ జనవరిలో కరీంనగర్ నుంచి ఇద్దరం హైదరాబాద్ వెళ్లాం.

నగరంలో యుద్ధాలు జరిగిన చోట్లు, సైనిక స్మారకాలు గైడ్‌తో ఒక రోజులో చూపించే యాత్ర ఉందని తెలిసి సీట్లు బుక్ చేశాను. ఒక్కొక్కరికి 1,800 రూపాయలు. వ్యాను, గైడ్, కోట టికెట్, నీళ్లు అందులోనే. భోజనం ఖర్చు మనదే. ఆ డబ్బుకు తగినట్టు ఉందా అని తర్వాత చాలామంది అడిగారు. ఉంది, కానీ కొన్ని ఫిర్యాదులున్నాయి. అవీ చెబుతాను.

ముందు బస సంగతి. సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)కు దగ్గర్లో ఒక లాడ్జి తీసుకున్నాం, రాత్రికి 1,400. ఫోన్లో అడిగినప్పుడు లిఫ్ట్ ఉందన్నారు. వెళ్లాక చూస్తే లిఫ్ట్ ఉంది, నడవదు. ఇచ్చిన గది మూడో అంతస్తులో. పెద్దాయన ఉన్నారని మూడుసార్లు అడిగితే చివరికి కింద గది మార్చారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, అందుకని ఇక గొడవ పెట్టుకోలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మాత్రం లిఫ్ట్ ఉందా అని కాదు, పనిచేస్తోందా అని అడగండి.

వ్యాను ఆరున్నరకు రావాలి. ఏడుంబావుకు వచ్చింది. చలిలో నలభై ఐదు నిమిషాలు రోడ్డు మీద నిలబెట్టారు, ఒక ఫోన్ అయినా చేయలేదు. బాపు ఏమీ అనలేదు కానీ నాకు టెన్షన్‌గానే ఉంది. మొత్తం పదకొండు మందిమి. గైడ్ చరిత్రలో ఎంఏ చేసిన కుర్రాడు. రాగానే అందరికీ క్షమాపణ చెప్పాడు. బాపును ముందు సీట్లో కూర్చోబెట్టి, "తాతా, కాళ్లు చాపుకోండి, మీరు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుదాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా కోపం సగం పోయింది.

కోట తెరిచేలోపు మమ్మల్ని పెట్ల బురుజుకు తీసుకెళ్లాడు. గోల్కొండ బయటి గోడకు 87 బురుజులుంటే, వాటిలో ఇది పేరున్నది. ఎక్కే దారి బాగోలేదు. చెత్త, ముళ్లకంప, ఒకచోట ఊడిన మెట్లు. ఒక చేయి నేను, ఇంకో చేయి గైడ్ పట్టుకుని నెమ్మదిగా ఎక్కించాం. పైన 'ఫతే రహబర్' అనే తోపు ఉంది. విజయానికి దారి చూపేది అని అర్థం. మీద పర్షియన్ అక్షరాలు, ఔరంగజేబు పేరు. అంటే కోటను కాచిన తోపు కాదిది, కోట మీదికి వచ్చిన మొఘలుల తోపు.

బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూతి దగ్గర చేయి పెట్టి చూశాడు, పక్కల నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇరుసు మొద్దులను తడిమాడు. "గింత బరువు మీదికెట్ల ఎక్కించిన్రు బిడ్డా" అన్నాడు. తర్వాత తనే మాట్లాడటం మొదలుపెట్టాడు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో తమ దగ్గరున్నది ట్వెంటీ ఫైవ్ పౌండర్ గన్ అని, గుండు పదకొండు కిలోలకు పైగా ఉంటుందని, పన్నెండు కిలోమీటర్ల దూరం కొట్టేదని, ఒక గన్‌కు ఆరుగురు ఉంటారని, ఎవరి పని ఏంటని. గైడ్ తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, పది నిమిషాలు బాపునే చెప్పనిచ్చాడు. టైం అయిపోతోందని ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. నేను ఈ యాత్రకు మంచి మార్కులు ఇవ్వడానికి మొదటి కారణం అదే.

గోల్కొండ అనగానే మన తెలుగువాళ్లకు రామదాసు చెర, తానీషా గుర్తుకొస్తారు. ఆ తానీషా పాలనలో చివరి ఎనిమిది నెలలు ఎలా గడిచాయో నాకు ఇన్నాళ్లూ సరిగ్గా తెలియదు. రామదాసు మేనమామలు, తానీషా మంత్రులు అక్కన్న, మాదన్నలను 1686లో ఇక్కడి వీధుల్లోనే చంపేశారు. మరుసటి ఏడాది మొదట్లో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. సులువుగా లొంగలేదు. గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టి పేలిస్తే, అది వెనక్కి తన్ని మొఘల్ సైనికులే చచ్చారు. వానలు, కరువు, రోగాలు వాళ్ల శిబిరాన్ని పీడించాయి. ఒక రాత్రి నిచ్చెనలు వేసి గోడెక్కుతుంటే ఒక కుక్క అరిచి కాపలావాళ్లను లేపిందనీ, దానికి తానీషా బంగారు పట్టెడ చేయించాడనీ చెబుతారు. చివరికి సెప్టెంబర్‌లో కోట పడింది, తోపులతో కాదు. లోపలి సర్దారు ఒకడు లంచం తీసుకుని చిన్న ద్వారం తెరిచాడు.

ఈ కథను గైడ్ కోట లోపల నగీనా బాగ్ అనే తోటలో నిలబెట్టి చెప్పాడు. అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోయే చోటు అది. తలుపు తెరిచారని తెలియగానే తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ జీను కూడా లేని గుర్రమెక్కి, పదిమంది మనుషులతో శత్రువు మీదికి వెళ్లాడు. ఒంటి నిండా గాయాలతో ఈ తోటలోనే దొరికాడు. డెబ్బైకి పైగా గాయాలు లెక్కపెట్టారట. ఔరంగజేబే వైద్యులను పంపి బతికించాడు. అంతకుముందు కొలువిస్తానంటూ రాసిన ఉత్తరాన్ని లారీ అందరి ముందూ చింపేశాడని తెలిసీ బతికించాడు. ఈ కథ విన్నాక తోటలోని ఎండిన గడ్డి కూడా వేరేగా కనిపించింది. గైడ్ లేకుండా వచ్చి ఉంటే ఆ తోటను అర నిమిషంలో దాటిపోయేదాన్ని.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలిసింది. ముట్టడిలో కోట నుంచి వచ్చిన గుండు దెబ్బకు చేయి తెగి చనిపోయిన మొఘల్ సేనాని ఖ్వాజా ఆబిద్. ఆయన మనవడే తర్వాత 1724 నుంచి దక్కన్‌ను ఏలిన మొదటి నిజాం. తాత ప్రాణం తీసిన కోట మనవడి చేతికొచ్చింది.

కొండ మీదున్న బాలా హిస్సార్ మెట్లు ఎక్కడం బాపు వల్ల కాదు. "మీరు పోండి, నేను కిందనే ఉంట" అన్నాడు. కింది ద్వారం కమాను దగ్గర చప్పట్లు కొడితే కొండ మీదికి వినిపిస్తుందన్నది అందరికీ తెలిసిన సంగతే. శత్రువు వస్తే పైకి కబురు చేరడానికి అలా కట్టారు. నేను పైకి చేరాక గైడ్ కిందికి ఫోన్ చేసి చెప్పాడు. మూడు చప్పట్లు వినిపించాయి. ఆగి ఆగి, లెక్క ప్రకారం కొట్టినట్టు. అది బాపే. నేనూ పైనుంచి గట్టిగా కొట్టాను. ఆయనకు వినిపించదని తెలిసినా కొట్టాను. దిగాక అడిగితే, "నువ్వు కొట్టినవ్ గదా, కొట్టి ఉంటవని తెల్సు" అన్నాడు.

గోల్కొండకు టికెట్ 25 రూపాయలే. కానీ సగం రోజైనా ఇవ్వాలి. మాకు మూడు గంటలే ఇచ్చారు. నిర్వాహకులు ఇంకో స్థలం తగ్గించైనా సరే ఇక్కడ సమయం పెంచాలి.

అక్కడి నుంచి అబిడ్స్ వైపు వస్తూ వ్యాన్లోంచే చూసినవి కొన్ని. బిర్లా మందిర్ పక్కన నౌబత్ పహాడ్, మొఘలుల ఫర్మానాలను నగారా మోగించి చదివిన గుట్ట. మనం ఎల్బీ స్టేడియం అనే చోటు ఫతే మైదాన్, గోల్కొండ గెలిచిన సైన్యం దిగిన మైదానం. ఈ పేర్లు పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, సిటీ బస్సు కండక్టర్ల నోట. వాటి వెనక యుద్ధం ఉందని ఎప్పుడూ తోచలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఆపిన హోటల్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అన్నం వేడిగా ఉంది, పప్పుచారు బాగుంది, కూర్చోవడానికి అరగంట పట్టింది.

గన్‌ఫౌండ్రీలో నిజంగానే తోపులు పోసే కార్ఖానా ఉండేది. పాతవాళ్లు 'తోప్ కా సాంచా' అంటారు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో పెట్టించింది. ఇప్పుడు మిగిలింది కొన్ని ఎత్తైన పాత గోడలు. చుట్టూ షోరూములు, పార్కింగ్. పది నిమిషాలు చాలు.

కోఠీ దగ్గర మాత్రం మళ్లీ మనసు నిలిచింది. బస్టాప్ పక్కనే 1857 స్మారక స్తంభం. దాని చుట్టూ తోపుడు బండ్లు, బస్సుల కోసం పరుగెత్తే జనం. మేం పదకొండు మందిమి తలెత్తి చూస్తుంటే వాళ్లూ ఆగి చూశారు. ఒక ముసలాయన "ఏముంది అక్కడ?" అని అడిగాడు. గైడ్ ఆయనకూ కలిపి చెప్పాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కొన్ని వందల మంది రోహిల్లాలు (అఫ్గాన్ మూలాలున్న సైనికులు) ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం మీదికి వచ్చారు. ఢిల్లీలో తిరగబడ్డవాళ్ల మీద పోరాడనని నిరాకరించి వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను నిజాం ప్రభుత్వం పట్టి బ్రిటిష్‌వాళ్లకు అప్పగించింది, ఆయన్ను విడిపించాలన్నది వాళ్ల పట్టు. రెసిడెన్సీకి దగ్గర్లోని ఇద్దరు సాహుకార్ల ఇళ్లలో మకాం వేసి రాత్రంతా కాల్పులు జరిపారు. తోపుల ముందు నిలవలేక తెల్లవారేలోపు చెదిరిపోయారు. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు, అక్కడే పోయాడు. తుర్రెబాజ్ ఖాన్ చెరలోంచి తప్పించుకున్నాడు కానీ 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. శవాన్ని నగరంలో వేలాడదీశారు.

తూప్రాన్ పేరు వినగానే బాపు గైడ్‌ను ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు. మా చుట్టాలున్న ఊరది. ఇన్నేళ్లలో అక్కడ ఎవరి నోటా ఆ మాట వినలేదు.

ఇంత జరిగిన చోట వివరం చెప్పే బోర్డు తెలుగులో పెద్దగా, చదవగలిగేలా ఉండాలి. బస్సు కోసం నిలబడే మనిషి తల తిప్పితే కనబడాలి. రోజూ వేలమంది ఆగే చోటు కదా. ఈ విషయంలో నాకు నిజంగా బాధేసింది.

రెసిడెన్సీ భవనం కోఠీ ఉమెన్స్ కాలేజీ ఆవరణలో ఉంది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. 1803లో మొదలుపెట్టి కట్టించింది రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్. ముందు ఆరు భారీ స్తంభాలు, లోపల దర్బారు హాలు. మరమ్మతులు చక్కగా చేశారు. అనుమతి నిర్వాహకులే ముందుగా తీసుకున్నారు. సొంతంగా వెళ్లేవాళ్లు ఆ పని చూసుకునే వెళ్లాలి.

తర్వాత మలక్‌పేట దాటి ఆస్మాన్‌గఢ్, రేమండ్ సమాధి. నున్నగా పైకి లేచిన రాతి స్తంభం, పక్కనే 2001 వానలకు కూలితే మళ్లీ నిలబెట్టిన మంటపం. 1795లో ఖర్దాలో మరాఠాలతో నిజాం తరఫున పోరాడిన సేన ఇతనిదే. 1798 మార్చిలో చనిపోయాడు. ఏడు నెలలు తిరక్కుండానే అతని ఫ్రెంచి పటాలాన్ని బ్రిటిష్‌వాళ్లు నిరాయుధం చేశారు. ఆ పని నడిపించినవాడు కిర్క్‌పాట్రిక్. అందుకే ముందు ఇక్కడికొచ్చి తర్వాత రెసిడెన్సీ చూపిస్తే కథ తలకెక్కుతుంది. మూసారాంబాగ్ అనే పేరు కూడా రేమండ్‌ను జనం పిలుచుకున్న పేరు నుంచే వచ్చిందంటారు. చోటు ప్రశాంతంగా ఉంది, గాలి బాగా వీచింది. కానీ అప్పటికి అందరూ అలిసిపోయారు.

యాత్ర కాగితంలో రాసిన తిరుమలగిరి ఎన్‌ట్రెంచ్‌మెంట్ చూపించలేదు. 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్లు భయంతో కందకం తవ్వి కట్టుకున్న చోటది. ఆర్మీ ప్రాంతం కాబట్టి లోపలికి పంపరని చివర్లో చెప్పారు. ఆ సంగతి డబ్బు కట్టించుకునే ముందే చెప్పాల్సింది.

చివరిది పరేడ్ గ్రౌండ్ దగ్గర వీరుల సైనిక స్మారకం. కరీంనగర్ బస్సులో వచ్చి ఎన్నిసార్లు జేబీఎస్‌లో దిగామో లెక్కలేదు. నడిచివెళ్లే దూరంలో ఉన్న దీని దగ్గరికి ఒక్కసారీ రాలేదు. 1971 గెలుపుకు గుర్తుగా ఏటా డిసెంబర్ 16న సైన్యాధికారులు ఇక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. పొద్దు వాలుతోంది. ఇక్కడ గైడ్ ఏమీ చెప్పలేదు, మమ్మల్ని కొంచెం దూరంలో ఆపేశాడు.

బాపు సంచిలోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. అది తెచ్చాడని నాకు తెలియదు. ముందుకు నడిచి సెల్యూట్ చేసి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ యుద్ధంలో షకర్‌గఢ్ వైపు తన గన్ మీద గుండ్లు అందించిన మనిషి తిరిగి రాలేదని అమ్మ ఎప్పుడో చెప్పింది. బాపు నోట ఆ మనిషి పేరు నేను మొదటిసారి విన్నది ఆ సాయంత్రమే.

లాడ్జికి వెళ్లాక కాళ్లకు వేడినీళ్లు పెట్టాను. పొద్దున ఆలస్యం, తిరుమలగిరి, గోల్కొండలో తక్కువ సమయం, ఈ మూడూ నిర్వాహకులకు రాసి పంపాను. గైడ్ గురించి వేరేగా, మంచిగా రాశాను. బాపు మంచం మీద కూర్చుని, డిసెంబర్ 16న పొద్దుగాల్నే పరేడ్ గ్రౌండ్‌కు రావాలన్నాడు. గది ఇప్పుడే బుక్ చేశాను, వేరే లాడ్జిలో, కింది అంతస్తులో.