వాషింగ్టన్‌లో తుపాకీ కొనేవారికి ఉచిత ఆన్‌లైన్ భద్రతా కోర్సులు: ఏది పనికొస్తుంది, ఎక్కడ చిక్కు

2018 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు దాదాపు 59 శాతం ఓట్లతో ఐ-1639ను నెగ్గించారు. తుపాకీ కొనుగోలు నియమాలను బిగించాలంటూ పౌరులే సంతకాలు సేకరించి ఓటుకు తెచ్చిన చట్టం ఇది. అది బ్యాలట్ దాకా రాకుండా ఆపాలని తుపాకీ యజమానుల సంఘాలు ముందే గట్టిగా పోరాడాయి. సంతకాల పత్రం వెనక చట్టం పాఠాన్ని చదవలేనంత చిన్న అక్షరాల్లో అచ్చేశారని, పాత చట్టంలో ఏ మాటలు తీసేస్తున్నారో గీత కొట్టి చూపలేదని కోర్టుకెక్కాయి. ఆగస్టులో థర్‌స్టన్ కౌంటీ జడ్జి ఆ వాదనకు ఒప్పుకున్నా, కొద్దిరోజులకే రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎన్నికలయ్యాక కొందరు షెరీఫులు (కౌంటీ పోలీసు అధిపతులు) అమలు చేయబోమన్నారు. ఫెడరల్ కోర్టులో వేసిన దావా 2020లో ఓడిపోయింది. ఇంత పోరాటంలో కొనేవారి చేతికి నేరుగా అందిన మేలు ఒకటుంది. కొన్ని తుపాకీ దుకాణాలు, శిక్షకులు ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ భద్రతా కోర్సులే అవి.

వీటి అవసరం చట్టంలోని నిర్వచనం దగ్గరే మొదలైంది. పేరుకు 'సెమీ ఆటోమేటిక్ అసాల్ట్ రైఫిల్' అన్నారు గానీ, పేలిన తూటా శక్తిలో కొంత వాడుకుని ఖాళీ తొడుగును బయటికి తోసి, తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే ప్రతి రైఫిలూ ఆ లెక్కలోకి వస్తుంది. అలా పనిచేసేదైతే, డబ్బాల మీద గురి నేర్చుకునే చిన్న .22 రైఫిల్‌కూ మినహాయింపు లేదు. 2019 జులై 1 నుంచి అలాంటిది కొనాలంటే గత 5 ఏళ్లలో శిక్షణ పొందిన రుజువు చూపాలి, 10 పనిదినాలు ఆగాలి. దగ్గర్లో శిక్షణ కేంద్రమే లేని తూర్పు కౌంటీలవాళ్లకు ఉచిత ఆన్‌లైన్ కోర్సు నిజంగా పెద్ద సాయం.

ఇక నాణ్యత. మంచి కోర్సును పట్టుకోవడం కష్టం కాదు, భద్రపరచడం గురించిన పాఠం తెరిస్తే చాలు. నాసి కోర్సులో 'తుపాకీకి తాళం వేయండి' అని ఒక్క స్లైడు వేసి ముందుకు పోతారు. మంచి కోర్సు మాత్రం చట్టం ఎక్కడ పట్టుకుంటుందో విడమరుస్తుంది: చట్టం ప్రకారం తుపాకీ ఉండకూడని మనిషి చేతికి అది అందే అవకాశం ఉందని తెలిసి గానీ, తెలియాల్సి ఉండి గానీ, తాళం లేకుండా వదిలేస్తే, ఆ మనిషి దానితో ఎవరినైనా గాయపరిచినా చంపినా యజమాని మీద క్లాస్ సి ఫెలొనీ (తీవ్ర నేరాల్లో ఒక తరగతి) కేసు పడొచ్చు. గన్ సేఫ్‌లో (తుపాకీలు దాచే తాళం పెట్టెలో) పెట్టినా, ట్రిగ్గర్ నొక్కుడుపడకుండా ఆపే ట్రిగ్గర్ లాక్ వేసినా ఆ నేరం అంటదు. దొంగతనం జరిగితే తెలిసిన 5 రోజుల్లోపు పోలీసులకు చెప్పాలి. ఆ 5 రోజుల గడువు చెప్పని కోర్సుకు మేం మార్కులు వేయం.

ఆత్మహత్యల నివారణ పాఠాన్ని చాలామంది గబగబా నొక్కేసి దాటేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఒకరి మనసు బాగోలేనప్పుడు తుపాకీని కొన్నాళ్లు ఇంటి నుంచి ఎలా తప్పించాలి, ఎవరికి అప్పగిస్తే చట్టం ఒప్పుకుంటుంది, ఆత్మహత్యల నివారణ సహాయ నంబరు 988కి ఎప్పుడు ఫోన్ చేయాలి అన్నవి చెప్పిన కోర్సు వేరే ఏమీ చెప్పకపోయినా విలువైనదే. ఐ-1639ను వ్యతిరేకించినవాళ్లకూ ఈ విషయంలో తేడా ఉండకూడదు.

కౌంటర్ దగ్గర బేరం ఆగిపోయేది మాత్రం సర్టిఫికెట్ వల్లే. అందులో కనీస అంశాలన్నీ బోధించినట్టు, అబద్ధమైతే తప్పుడు ప్రమాణం కింద శిక్షకు లోబడతామన్న మాటతో సహా రాసి ఉండాలి. ఆ వాక్యం లేకుండా రంగురంగుల బోర్డరు, సంతకం, ముద్ర ఎన్ని ఉన్నా డీలర్ తిప్పి పంపుతాడు, తప్పు అతనిది కాదు. పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. పూర్తయిన తేదీ ఉండాలి. శిక్షణ ఎవరి ఆధ్వర్యంలోదో కూడా చూడాలి: పోలీసు శాఖ, కాలేజీ లేదా యూనివర్సిటీ, జాతీయ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థ, అలాంటి సంస్థ ధ్రువీకరించిన శిక్షకులున్న స్కూలు, ఈ నాలుగింటినే చట్టం ఒప్పుకుంటుంది. వీడియోలో మాట్లాడే మనిషికి ఎంత అనుభవం ఉన్నా, శిక్షణ ఈ నాలుగింటిలో ఒకదానిది కాకపోతే కాగితం చెల్లదు.

పాత కోర్సులతో ఇంకో చిక్కుంది. ఐ-1639 అడిగినవి ఆరు అంశాలు: ప్రాథమిక భద్రతా నియమాలు, పిల్లలు, ఆత్మహత్యల నివారణ, భద్రపరచడం, జాగ్రత్తగా పట్టుకుని వాడటం, చట్టాలు. 2023లో శాసనసభ చేసిన చట్టం వీటికి మరో రెండు చేర్చింది: ఒకటి ఆత్మరక్షణలో ప్రాణాంతక బలప్రయోగం గురించిన రాష్ట్ర చట్టాలు; రెండోది దాడిని తప్పించుకునే పద్ధతులు, గొడవ ముదరకుండా చూసుకోవడం. పైగా 2024 జనవరి 1 నుంచి శిక్షణ రుజువు, 10 పనిదినాల గడువు పిస్టల్, షాట్‌గన్‌తో సహా అన్నిటికీ వర్తిస్తున్నాయి. కాబట్టి పేజీ మీద ఇంకా 'ఐ-1639 కోర్సు' అనే ఉంటే విషయసూచిక తెరిచి ఎనిమిది అంశాలున్నాయో లేదో లెక్కపెట్టండి. ఆరే ఉంటే కాలం వృథా.

తెర మీద ఎంత చూసినా, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో వేలితో తడిమి చూసుకోవడం రాదు, తూటాల మ్యాగజైన్ తీసేశాక కూడా ఒక తూటా లోపల ఉండిపోవచ్చన్న జాగ్రత్త అలవాటు కాదు. మొదటి తుపాకీ కొనేవారు ఉచిత కోర్సును కాగితం కోసం తీసుకున్నా, శిక్షకుడి పక్కన రేంజిలో (కాల్పుల సాధన స్థలంలో) ఒక పూట గడపాలి. తుపాకీ కొనేముందు పర్మిట్ తీసుకోవాలంటూ 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027 మే 1 నుంచి శిక్షణలో నిజంగా కాల్చి చూపడం కూడా తప్పనిసరి అవుతుంది. ఆ తేదీ తర్వాత కొనాలనుకునేవారు వీడియో కోర్సు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, రేంజి ఉన్న శిక్షకుల దగ్గర ఇప్పటినుంచే పేరు రాయించుకోవడం మేలు.