ముజ్రా, గజల్, ఖవాలీ: ఉర్దూ సినిమా కథకు ఏది మేలు?

బొంబాయిలోనూ, లాహోర్, కరాచీలలోనూ ఉర్దూ సంభాషణలతో వచ్చిన జనరంజక చిత్రాలలో నాయికానాయకులు తమ ప్రేమను నేరుగా మాటల్లో చెప్పుకోవడం తక్కువ. పరదా, ఖాందాన్ పరువు, పెద్దల సమక్షం అడ్డుగా ఉండే లోకం కాబట్టి మనసులోని మాటకు పాటే దారి కావాలి. అందుకు దర్శకులు తరతరాలుగా ముఖ్యంగా మూడు పద్ధతులను నమ్ముకున్నారు: కోఠాలో, అంటే వారకాంతల నృత్యశాలలో, నర్తకి ఆడిపాడే ముజ్రా, ముషాయిరా అనే కవి సమ్మేళనంలోనో ఏకాంతంలోనో వినిపించే గజల్, రెండు పక్షాల మధ్య పోటీగా సాగే ఖవాలీ. పార్టీలో పియానో ముందు కూర్చుని నాయకుడు పాడే నిష్ఠూరపు పాట కూడా ఉంది కానీ, అది అన్ని భాషల సినిమాల్లోనూ కనిపిస్తుంది కనుక దాన్ని పక్కన పెడుతున్నాను. ఈ మూడింటిలో కథను ముందుకు నడిపే శక్తి ఖవాలీకే ఎక్కువని నా అభిప్రాయం.

ముందుగా ముజ్రా సంగతి. మూడింటిలోనూ కంటికి అత్యంత వైభవంగా కనిపించేది ఇదే. షాండ్లియర్లు, దిండ్లకు ఆనుకుని కూర్చున్న నవాబులు, సారంగీ, తబలా అన్నీ ఇందులో ఉంటాయి. అయితే నాటకీయత దృష్టితో చూస్తే దీనికి పెద్ద లోపం ఒకటుంది. ఆమె పాడుతుంది, ఎదుట కూర్చున్నవాడు చూస్తూ ఉంటాడు. బదులు చెప్పవలసిన అవసరం అతనికి లేదు. అందుకే సాధారణ దర్శకుల చేతిలో ముజ్రా కథను ఆపేసి ప్రదర్శనగా మిగిలిపోతుంది. ఆ స్త్రీకి స్వేచ్ఛ లేకపోవడమే కథావస్తువైనప్పుడు మాత్రం ఈ లోపమే బలంగా మారుతుంది. కమాల్ అమ్రోహీ 'పాకీజా' (1972)లో మీనాకుమారి పాత్ర తాను ప్రేమించినవాడి పెళ్లిలోనే ముజ్రా చేయవలసి వస్తుంది. పగిలిన గాజు ముక్కల మీద ఆమె పాదాలు నెత్తురోడుతుండగా ఎవరూ ఆమెకు జవాబు చెప్పకపోవడమే అక్కడ అసలు విషయం.

మీర్జా హాదీ రుస్వా 1899లో ప్రచురించిన నవలలోని వారకాంత ఉమ్రావ్ జాన్ కథను 1972లో పాకిస్తాన్‌లో హసన్ తారిఖ్ నటి రాణీ నాయికగా తీశారు. 1981లో ముజఫ్ఫర్ అలీ రేఖతో తీశారు. రెండో చిత్రంలో ఆమె ఎన్నో ఏళ్ల తరువాత ఫైజాబాద్‌లో, తాను పుట్టిన ఇంటి ముందే ముజ్రా చేస్తూ పాడుతుంది. షహర్యార్ రాసిన ఆ గజల్, ఇది ఏ చోటు మిత్రులారా అని అడుగుతుంది. వింటున్నవారు దాన్ని కవిత్వంగా వింటారు. ఆమె మాత్రం నిజంగానే అడుగుతోంది. పాట ముగిశాక తల్లి దగ్గరికి వెళితే తమ్ముడు ఆమెను గడప తొక్కనివ్వడు. ముజ్రాకు ఇంతకన్నా గొప్ప వినియోగం నేను ఎక్కడా చూడలేదు. అయితే ఇలాంటి సందర్భాలు అరుదు.

గజల్ బలం వేరు. దానిలోని షేర్లు, అంటే రెండేసి పాదాల పద్యాలు, దేనికవి స్వతంత్రంగా నిలుస్తాయి కనుక, సినిమా కోసం రాయని పాత కవిత్వాన్ని కూడా కథలో ఇమడ్చవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చే ధనవంతులకు పేదింటి ఆడపిల్లలను కట్టబెట్టే వ్యవహారాన్ని హైదరాబాద్ నేపథ్యంగా చూపిన సాగర్ సర్హదీ 'బాజార్' (1982)లో సంగీత దర్శకుడు ఖయ్యాం 18వ శతాబ్దపు కవి మీర్ తఖీ మీర్‌నూ, మన తెలంగాణ సాయుధ పోరాట నాయకుడైన కవి మఖ్దూం మొహియుద్దీన్‌నూ ఒకే చిత్రంలోకి తెచ్చారు. మఖ్దూం 1969లోనే కన్నుమూశారు. పూల గురించిన ఆయన గజల్‌ను తలత్ అజీజ్, లతా మంగేష్కర్ పాడుతుంటే, కథలోని యువజంటకు దక్కని బతుకు ఎంత అందంగా ఉండేదో మనకు తెలుస్తుంది. ఎడబాటుకూ, జ్ఞాపకానికీ గజల్‌ను మించినది లేదు. కానీ గజల్ మొదలైనప్పుడు కథ ఎక్కడ ఉందో, ముగిసేసరికి కూడా చాలావరకు అక్కడే ఉంటుంది.

ఖవాలీలో అలా కుదరదు. ఒకరు ఒక మాట అంటే రెండో పక్షం దాన్ని అందుకుని తిప్పికొట్టాలి, సభ వింటోంది, ఓడితే అందరి ఎదుట ఓడాలి. మన పద్యనాటకంలో రాయబార ఘట్టం ఎలా పద్యానికి పద్యం బదులుగా రక్తి కడుతుందో ఇది కూడా అలాగే కడుతుంది. కె. ఆసిఫ్ 'మొఘల్-ఎ-ఆజమ్' (1960)లోని పోటీని దగ్గరగా చూడండి. మధ్యలో తీర్పరిగా సలీం, ఒకవైపు అనార్కలి, మరోవైపు రాజభవనంలోని పరిచారిక బహార్. ప్రేమ బతుకును పాడుచేస్తుందని ఒప్పుకుంటూనే, చనిపోయాక లోకం తలుచుకుంటుంది కదా, అది చాలదా అని అనార్కలి లతా గొంతుతో అంటుంది. చాటుగా విలవిల్లాడి, నిట్టూర్చి, లోలోపల కుమిలి చావడమే ప్రేమికుల కథ, ఆ తమాషా ఏదో ఒకనాడు మేమూ నవ్వుతూ చూస్తామని బహార్ శంషాద్ బేగం గొంతుతో ఎద్దేవా చేస్తుంది. చివరికి సలీం బహార్‌కు గులాబీని, అనార్కలికి ముళ్లను బహుమతిగా ఇస్తాడు. ముళ్లకు వాడిపోతామన్న భయం ఉండదని ఆమె వాటిని స్వీకరిస్తుంది. ఆ ఒక్క సన్నివేశంలోనే ఇద్దరి మనసులు బయటపడ్డాయి, అసూయ పుట్టింది, తరువాత బహార్ అక్బర్ చెవిన వేయబోయే రహస్యానికి పునాది పడింది. ముజ్రా గానీ గజల్ గానీ ఇంత పని చేయలేవు.

అదే ఏడాది వచ్చిన 'బర్సాత్ కీ రాత్'లో రోషన్ స్వరపరచిన సుదీర్ఘ ఖవాలీ మరో మెట్టు పైకి వెళ్లింది. గాయక బృందాల పంతంగా మొదలైన పాట, గీత రచయిత సాహిర్ కలంలో ప్రేమకు హిందువు, ముసల్మాను అన్న భేదం లేదనే వాదంగా విస్తరించి, కృష్ణుడి మురళినీ రాధనూ కూడా తనలోకి పిలుచుకుంటుంది. సూఫీ దర్గాలలో పుట్టిన ప్రక్రియ కాబట్టి ప్రియుడి మీద ప్రేమ నుంచి దేవుడి మీద ప్రేమకు పోవడం దానికి సహజం. ఆ మలుపు అతికించినట్టు కనిపించదు.

అయితే ఈ మెప్పు బదులు పలికే ఖవాలీకే చెందుతుంది. ఇటీవలి దశాబ్దాలలో నాయకుడు దర్గా ప్రాంగణంలో కన్నీళ్లతో నిలబడితే, కథతో సంబంధం లేని గాయకులు వెనుక కూర్చుని పాడటం రివాజుగా మారింది. అక్కడ ఎదుటి పక్షం లేదు, ప్రశ్న లేదు, తీర్పు లేదు. అలాంటి చోట దర్శకుడు ఆడంబరమంతా వదిలి, ఒక్క గొంతుతో గజల్ పాడించుకోవడమే మేలు.