హాంప్టన్, జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్: బానిస చట్టాలు పుట్టిన దారి

వర్జీనియాలో ఉండే మనవాళ్లకు విలియమ్స్‌బర్గ్ అంటే బుష్ గార్డెన్స్ అమ్యూజ్‌మెంట్ పార్కే. పిల్లలుంటే అదెలాగూ తప్పదు. కానీ అమెరికాలో బానిసత్వం చట్టంగా మారిన చోట్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. మా ఇంట్లోవాళ్లం వాటిని జరిగిన వరసలోనే చూశాం. మీరూ అలాగే చూడండి.

ముందు హాంప్టన్‌లోని ఫోర్ట్ మన్రో, చుట్టూ నీళ్ల కందకం ఉన్న పెద్ద రాతికోట. 1619 ఆగస్టు చివర్లో ‘వైట్ లయన్’ ఓడ ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దింపింది ఈ తీరంలోనే. అంగోలా నుంచి వస్తున్న పోర్చుగీసు ఓడను దోచి తెచ్చిన ఆ మనుషులను ఆహార సామగ్రికి మార్చుకున్నారు. లోపలున్న కేస్‌మేట్ మ్యూజియంకు టికెట్ లేదు. గంటన్నర చాలు.

జేమ్స్‌టౌన్ పేరుతో రెండున్నాయి, జాగ్రత్త. ‘జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్’ కొత్తగా కట్టిన నమూనా. ఓడలెక్కి దిగొచ్చు కాబట్టి పిల్లలకు సరదా. ‘హిస్టారిక్ జేమ్స్‌టౌన్’ అసలు నేల. ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడండి. పాత చర్చి గోపురం, తవ్వకాల్లో బయటపడిన పునాదులు తప్ప కంటికి పెద్దగా ఏమీ ఉండదు, అందుకని ముందే కొంత చదువుకుని వెళ్లాలి. నేషనల్ పార్క్ పాస్ ఉన్నా ఇక్కడ అదనంగా కొంత కట్టాలి.

అప్పటి వర్జీనియా రాజధాని జేమ్స్‌టౌనే, తొలి తీర్పులు, చట్టాలు ఇక్కడివే. 1640లో ముగ్గురు పనివాళ్లు కలిసి పారిపోయి దొరికిపోయారు. ఇద్దరు తెల్లవాళ్లకు అదనపు చాకిరీ నాలుగేళ్లు. జాన్ పంచ్ అనే నల్లవాడికి మాత్రం బతికున్నంత కాలం. తర్వాత ఎలిజబెత్ కీ కేసు. తల్లి ఆఫ్రికన్ బానిస అయినా తండ్రి ఇంగ్లిష్‌వాడు, తనకు బాప్తిస్మం అయింది, కాబట్టి బానిసను కానని వాదించి 1656లో గెలిచింది. ఆ దారులు రెండూ మూసేశారు. 1662 చట్టం ప్రకారం బిడ్డకు తల్లి స్థితే వస్తుంది. 1667 చట్టం ప్రకారం బాప్తిస్మం తీసుకున్నా విడుదల లేదు. మన దగ్గర బిడ్డకు తండ్రి కులం వస్తుంది. అక్కడ తండ్రిని లెక్కలోంచి తీసేయడమే యజమానికి లాభం, తను కన్న బిడ్డ కూడా తన ఆస్తే అవుతుంది మరి.

1635 నాటి ఒక భూమి పత్రంలో ‘ఈస్ట్ ఇండియన్’ (అంటే మన ఇండియా వైపు నుంచి వచ్చిన) టోనీ అనే పనివాడి పేరుంది. అప్పటికే మచిలీపట్నంలో ఇంగ్లిష్ కంపెనీకి వర్తక స్థావరం ఉంది. అది గుర్తొచ్చి మావాళ్లు కాసేపు మౌనంగా అయిపోయారు.

అక్కడి నుంచి కలోనియల్ పార్క్‌వే మీద విలియమ్స్‌బర్గ్. చెట్ల మధ్య రోడ్డు చాలా బాగుంటుంది. ఊళ్లో వీధులు తిరగడం ఉచితం, భవనాల లోపలికి టికెట్, అదీ ఖరీదే. ఆ ధరకు తగ్గది క్యాపిటల్, అంటే చట్టసభ భవనం. ఇప్పుడున్నది 1930లలో మళ్లీ కట్టింది. ఈ ఊరి నుంచే వచ్చిన 1705 చట్టాల్లో ఒకటి బానిసలను భూమిలాగా స్థిరాస్తి కింద రాసింది. ఇంకొకటి వాళ్లు పెంచుకున్న పశువులను లాక్కుని అమ్మి, ఆ డబ్బు ఊరి పేదలకు పంచమంది. తెల్ల పనివాడిని మాత్రం జడ్జి ఉత్తర్వు లేకుండా బట్టలూడదీసి కొట్టకూడదట. పేద తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య గోడ ఇలాంటి క్లాజులతోనే లేచింది. వేషాలు కట్టిన గైడ్లను ఇలాంటివి అడగండి, ఓపిగ్గా చెప్తారు.

బస విలియమ్స్‌బర్గ్‌లోనే పెట్టుకోండి. మేం దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది కానీ, శాకాహారులకు టిఫిన్ అంటే బ్రెడ్డు, పండ్లు, అంతే. పులిహోర పట్టుకెళ్లడం మంచిదైంది. హాంప్టన్ వైపు ఐ-64 మీద సాయంత్రం ట్రాఫిక్ నరకం, అటు పొద్దున్నే వెళ్లి రండి.