డెక్‌కు ఏ చెక్క: ఇపేనా, కుమారూనా?

అమెరికాలో ఇంటి వెనక డెక్, అంటే చెక్క పలకల అరుగు, వేయించుకునే మనవాళ్లు గట్టి చెక్క కావాలనగానే ముందు వినే పేరు ఇపే. తర్వాత వినేది కుమారు. పేరు చూస్తే మన ఊరి కుర్రాడే అనిపిస్తుంది గానీ, రెండూ లాటిన్ అమెరికా అడవుల చెట్లే.

గట్టితనంలో పెద్ద తేడా లేదు. చెక్క గట్టితనాన్ని చెప్పే జాంకా కొలతలో ఇపే దాదాపు 3,500, కుమారు 3,300. మన టేకు 1,100 దగ్గరే ఆగిపోతుంది. చెదలు ఈ రెంటి చేవనూ అంత తేలిగ్గా ముట్టవు.

అసలు తేడా ధరలో, నడతలో ఉంది. కుమారు సాధారణంగా చవక. కానీ దాని నార అటూఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి ఎండకూ వానకూ ఎక్కువగా కుంచించుకుని, ఉబ్బి, కదులుతుంది. అరిజోనా లాంటి పొడి ఎండల్లో పలకలు మెలి తిరిగే, చివర్లు పగిలే అవకాశం ఎక్కువ. అక్కడ నేనైతే డబ్బు ఎక్కువైనా ఇపేకే పోతాను. తేమ ఉన్న ఊళ్లో కుమారు చాలు. సన్న పలకలకు ఆశపడకుండా, కోసిన చివర్లకు వెంటనే మైనం పూయించండి.

ఏది కొన్నా ముందే రంధ్రం వేసి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు బిగించాలి. ఇపే కోసేటప్పుడు లేచే పసుపు పొడి చాలామందికి పడదు, మాస్క్ పెట్టుకోవాలి. నూనె పట్టించకపోతే రెండూ బూడిద రంగుకు తిరుగుతాయి. అది పాడవడం కాదు.

2024 నవంబర్ నుంచి రెండూ సైటిస్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. ఎవరైనా మరీ చవకగా ఇస్తానంటే ముందు పర్మిట్ కాగితాలు అడగండి.