రోజుకి రెండు గంటలా, ఏడాదికి ఒక నెలా? బోర్డులు రాసే ఆర్టిస్టుకి ఏది మేలు

ఒడిశా అంచున పర్లాకిమిడిలో నా దగ్గర బ్రష్ పట్టడం నేర్చుకుంటున్న కుర్రాళ్ళు, ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి సైకిల్ మీద వచ్చేవాళ్ళు, అందరూ అడిగేది ఒకటే. "అన్నయ్యా, బోర్డులు రాస్తేనే ఇల్లు గడుస్తుంది. బోర్డులే రాస్తూ కూర్చుంటే సొంత బొమ్మ ఎప్పుడు వేస్తాం?" చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. పోయిన ఉగాదికి నేనూ ఒక పద్ధతి మానేసి ఇంకోదానికి మారాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

ఒకటి, ఏడాదిని చీల్చుకోవడం. గిరాకీ ఉన్నన్నాళ్ళూ ఆర్డర్లు, పని పలచబడ్డాక ఓ నెల షట్టర్ సగం దించి సొంత పని. రెండోది, రోజుని చీల్చుకోవడం. షాపు తీసేలోపు రెండు గంటలు మనవి, మిగతాదంతా గిరాకీది.

మొదటి పద్ధతిలో నాలుగేళ్ళు ఉన్నాను. గోడంత బొమ్మ వేసేవాడికి, పెద్ద కాన్వాసు మీద ఆయిల్ రంగులతో పనిచేసేవాడికి అదే సరైనది, అందులో వాదన లేదు. రంగు తడి మీద ఉండగా బ్రష్ పక్కన పెట్టి షట్టర్ తియ్యడానికి లేవలేం కదా. ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో చదివిన స్నేహితుడొకడు ఇప్పటికీ దసరా మండపాల పని అవగానే ఫోన్ ఆపేసి కూర్చుంటాడు. ఆ నెలలో వాడు వేసినవి చూస్తే నాకు కుళ్ళుగా ఉంటుంది.

మన వైపు ఒక చిక్కుంది. ఇక్కడ రెండు పంచాంగాలు నడుస్తాయి. ఆషాఢంలో తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఆగినా శ్రావణంలో మళ్ళీ ముహూర్తాలు. ఒడియా ఇళ్ళలో సాధారణంగా చాతుర్మాస్యం నాలుగు నెలలూ పెళ్ళి మాటే ఉండదు. చైత్రంలో కూడా వాళ్ళు పెట్టుకోరు, మూఢం లేకపోతే మనకి ఉగాది దాటగానే మొదలు. ఒకళ్ళ గోడ ఖాళీగా ఉన్న రోజుల్లోనే ఇంకొకళ్ళ గోడ మీద వధూవరుల పేర్లు రాయాలి. మధ్యలో రథయాత్ర, వినాయక చవితి, దసరా. రెండు పంచాంగాల్లోనూ పెళ్ళిళ్ళు లేనివి నికరంగా భాద్రపదం, ధనుర్మాసం. భాద్రపదంలో వినాయక చవితి పనులుంటాయి, ఇక మిగిలింది ధనుర్మాసం. అప్పుడేమో న్యూ ఇయర్ ఫ్లెక్సీలు! పెళ్ళి పనుల మీద బతికే శ్రీకాకుళం ఆర్టిస్టుకి ఆషాఢమైనా దక్కుతుంది. మాకు అదీ లేదు.

అయినా నేను మారింది అందుకు కాదు. వదిలేసిన పనిని మళ్ళీ పట్టుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? నా లెక్కలో తేల్చాల్సింది ఇదొక్కటే. ఎంత టైము దొరికింది అన్నది దాని తర్వాత.

నేను వేసేది గంజప ముక్కలు. మా ఊళ్ళో పాతవాళ్ళకి చెప్పక్కర్లేదు, గుండ్రటి పేక. పాత గుడ్డని పొరలుగా చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఆరాక నున్నగా రుద్ది, అరచేతిలో ఇమిడేంత గుండ్రంగా కోసుకోవాలి. దశావతారాల పేకకి 120 ముక్కలు. నేను ఎత్తుకున్నది అఠరంగి, ఎనిమిది రంగులు (మామూలు పేకలో ఇస్పేటు, ఆఠీను లాంటివి). రంగుకి రాజు, మంత్రి, పది లెక్క ముక్కలు, మొత్తం 96. దేవుళ్ళ బదులు మా సంతని దింపుతున్నాను. కొండచీపుర్లు ఒక రంగు, చింతపండు ఒక రంగు, జీడిపిక్కలు ఒక రంగు. చీపుర్ల రంగుకి రాజు ఎవరంటే, కట్టలు నెత్తిన పెట్టుకుని దిగే సవర ముసలమ్మ.

ఈ పేక ఎత్తుకున్న మొదటి ఏడాది ధనుర్మాసంలో కూర్చున్నాను. చెయ్యి ఇంకా బోర్డు చెయ్యే. పదిహేను అడుగుల గోడ మీద గీత భుజంలోంచి వస్తుంది. అరచేతి ముక్క మీద మణికట్టు ఆనించి, ఊపిరి బిగపట్టి, రెండు మూడు వెంట్రుకల కుంచెతో లాగాలి. కొత్త ముక్కని ముందెప్పుడో నమూనాకి వేసుకున్నదాని పక్కన పెడితే వేరే మనిషి వేసినట్టుంది. చెయ్యి కుదిరేసరికి పదో రోజు వచ్చింది. పసుపులో ఎరుపు ఎంత కలిపానో గుర్తు తెచ్చుకోవడానికి ఇంకో మూడు రోజులు. నెలలో సగం దాకా, ఎక్కడ ఆపానో వెతుక్కోవడానికే పోయింది. ఆ ఏడాది తేలినవి 14.

రెండో ఏడాది ముందే తెలివిగా ఖాళీ ముక్కలు చేసి ట్రంకుపెట్టెలో పెట్టాను. జిగురులో మైలుతుత్తం కలపడం మర్చిపోయాను. వానలు వెళ్ళాక మూత తీస్తే జల్లెడ. చింతగింజల జిగురంటే పురుగుకి పాయసమే! రోజూ చేతిలోకి తీసుకునే ముక్కలైతే మొదటి చిల్లు దగ్గరే తెలిసిపోయేది. ఆ నెలంతా మళ్ళీ గుడ్డలు అతికించుకోవడంతో సరి. అయినవి తొమ్మిది.

ఇప్పుడు పొద్దున్న ఐదు నుంచి ఏడు. నిన్నటి ముక్క బల్ల మీద అలాగే ఉంటుంది, ఏ గిన్నెలో రంగు ఎంత పలచగా ఉందో చేతికి గుర్తుంటుంది. కూర్చున్న పది నిమిషాల్లో పనిలో పడతాను. ఏడింటికి లేచేటప్పుడు ఏదీ పూర్తిచెయ్యను. అంచు తీగ ఒకటి సగంలో వదిలేస్తాను, మర్నాడు ఆ తీగ కొసనుంచి మొదలు. రాత్రిపూట ప్రయత్నించి మానేశాను, బల్బు కింద లేత పసుపుకీ తెలుపుకీ తేడా తెలియదు. పోయిన ఉగాది నుంచి 41 ముక్కలయ్యాయి. ఇంకా 32 ఉన్నాయి.

ఇబ్బందులు లేకపోలేదు. పెళ్ళి గోడ దగ్గర రాత్రి పన్నెండు దాకా లైటు పెట్టుకుని రాసిన మర్నాడు ఐదుకి లేవడమంటే నరకం. ఆ రోజు ఒక ముక్కకి అంచు గీసి వదిలేస్తాను, ఇరవై నిమిషాలు చాలు. పొద్దున్న పాల ప్యాకెట్టు తెచ్చే పని మా ఆవిడ మీద పడింది, ఆ మాట నాకు రోజూ వినపడుతూనే ఉంటుంది. పెద్ద సైజు బొమ్మ వేద్దామన్న ఆశని కూడా ప్రస్తుతానికి అటక మీద పెట్టాను.

ఒకటి మాత్రం కుర్రాళ్ళు తప్పుగా అనుకుంటున్నారు. బోర్డు పనంతా ఎదుగుదలకి అడ్డం అని. కాదు. ఒడియా అక్షరం నెత్తిన గొడుగులాంటి వంపు ఉంటుంది చూశారా, ఫ్లాట్ బ్రష్‌తో దాన్ని ఒక్క ఊపులో తిప్పి, సన్నం నుంచి లావుకి, మళ్ళీ సన్నానికి తేవాలి. తాటాకు మీద గంటంతో అడ్డగీత లాగితే ఆకు చీలుతుందనే మన అక్షరాలూ వాళ్ళవీ గుండ్రబడ్డాయని అంటారు. వెయ్యి గొడుగులు తిప్పాకే నా ముక్కల గుండ్రటి అంచు వణకడం మానేసింది. అలాంటి పనిని వదులుకోకండి.

వదిలించుకోవాల్సింది ఫ్లెక్సీ ప్రూఫులు. "అన్నా, మా మావయ్య ఫోటో ఇంకొంచెం పెద్దది చెయ్యవా?" అంటూ ఆరు సార్లు. ఒక దుకాణదారు అలా ఏడు ప్రూఫులు మార్పించి చివరికి పాత బోర్డే ఉంచుకున్నాడు. దాంతో చేతికి వచ్చేదేమీ లేదు, తల మాత్రం వేడెక్కుతుంది. ఆ పని ఇప్పుడు ఫోటోషాప్ తెలిసిన కుర్రాడికి ఇచ్చేశాను. నా వాటా కొంత తగ్గింది. వాట్సాప్ రాత్రి తొమ్మిదికి ఒక్కసారి చూస్తాను.

మిగతా దారులు కూడా అడుగుతారు. డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం దొరికితే చేరిపోండి, నెల జీతానికి మించిన ధైర్యం లేదు. భువనేశ్వరో విశాఖో వెళ్ళిపోతే? అక్కడ అద్దె కట్టడానికి కూడా బోర్డులే రాయాలి.

పాతపట్నం కుర్రాడొకడికి మాత్రం మొదటి పద్ధతే చెప్పాను. వాడు వేసేది ఆరడుగుల కాన్వాసు. పైగా పొద్దున్న ఐదింటికి వాడు ఇంట్లో రెండు గేదెల పాలు పితకాలి.